‘పర్మినెంటు అడ్రస్సు ఏటి?’: టీకాతాత్పర్యసహితము

మూలము: “పర్మినెంటు అడ్రస్సు ఏటి?”

అవతారిక: పాత టీవీఎస్ ఎక్సెల్ బండి నొకదానిని కొని, దాని కిరుప్రక్కలఁ బ్లాస్టిక్కు బిందెలను బకెట్లను గుత్తులుగా వ్రేలాడఁగట్టి, ఊరూరఁ దిరిగి యమ్ముకొను ఒకానొక సంచారి, ఆ బండిని తన పేరఁ బెట్టించుకొనఁ గోరి ఆమదాలవలస రైలుస్టేషను వెలుపలి జిరాక్సు కొట్టుకడ నిలువఁగా, 30వ నంబరు ఫారమును ముందిడుకొని బ్రోకరు పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: పర్మినెంటు = ఆత్మవలె నాశరహితమైన; అడ్రస్సు = పోస్టుమాను కనుఁగొనఁగల చోటు; ఏటి = ఏమిటి? ఇది కళింగసీమ వ్యవహారము. ‘ఏఱు’ శబ్దమునకు ఔపవిభక్తికరూపమును ‘ఏటి’యే కావున ‘ఏటియొక్క’ యను నర్థాంతరమును గలదు. బ్రోకరు శ్లేష నుద్దేశించె నని చెప్పఁజాలను. ఆ వేళ కతఁడు టీ యైనఁ ద్రాగియుండలేదు.

విశేషము: పేరులోనే వలసను మోయుచున్న యీ యూర, రైల్వేవారు స్టేషనునకుఁ బెట్టిన పేరు ‘శ్రీకాకుళం రోడ్’. ఊరి స్టేషనే పరగ్రామనామముతోఁ గాలము వెళ్లఁబుచ్చుచుండఁగా, బిందెలవాని శాశ్వతత్వమును మాత్ర మింత నిలఁదీయుట యేల?

తాత్పర్యము: 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 40వ సెక్షనున, యజమానికి నివాసమో వ్యాపారస్థలమో యుండి, బండి సాధారణముగా నిలుచు చోటేదో దానిని బట్టి రిజిస్ట్రేషను జరుగవలయు నన్నది. ఇతని బండి యెక్కడనో యితని నివాస మక్కడ. ఇతఁ డెక్కడనో బండి యక్కడ. రాత్రివేళ దాని హ్యాండిలునకే టార్పాలిను కొన ముడివైచి క్రిందఁ బండుకొనును. తార్కికులు దీనినే అన్యోన్యాశ్రయదోష మందురు. 50వ సెక్షను ప్రకారము ఒకే రాష్ట్రములోని బండి నమ్మినవాఁడు 14 దినములలోను, కొన్నవాఁడు 30 దినములలోను ఆ సంగతి తెలుపవలయును, అది సులభమే. 49వ సెక్షను మాత్రము నివాసము మారిన 30 దినములలోఁ జెప్పు మనుచున్నది. పాలకొండకును రాజామునకును నడుమ వారమున కొక మకాము మార్చువాఁడు మొదటి మార్పును విన్నవించులోపల నాలుగవది వచ్చిపడును.

అయినను, 1989 నాటి కేంద్ర నియమములలో నాల్గవది, పాసుపోర్టును, ఎల్.ఐ.సి. పాలసీని, మఱికొన్ని పత్రములను వరుసగాఁ బేర్కొని, ఇవేవియు చూపలేకపోవుటకుఁ దగిన కారణ మున్నవాఁడు మేజిస్ట్రేటు నెదుటనో నోటరీ యెదుటనో ప్రమాణము చేసి యిచ్చిన అఫిడవిట్టును అధికారి యంగీకరింపవచ్చు నన్నది. చట్టమున కింతటి దయ యెట్లు కలిగెనో యని నేను విస్మితుఁడనైతిని.

స్టాంపు కాగితము వచ్చినది. టైపు కొట్టువాఁడు పేరు కొట్టెను, తండ్రి పేరు కొట్టెను, వయస్సు కొట్టెను. అలవాటుచొప్పున ‘నివాసము’ అని కొట్టి వ్రేలు గాలిలో నిలిపెను. తనకు నివాసము లేదని ప్రమాణము చేయుటకు మొదట నివాసము చెప్పవలసియున్నది.

“ఏటి?” అనెను.

“ఏటి గట్టు, బాబూ,” అనెను బిందెలవాఁడు.

ఒడిశా కొండలలోఁ బుట్టి, ఒకచో నిలువక, కళ్ళేపల్లికడ సముద్రమునఁ గలియు నాగావళి గట్టున, ఆ వారము, ఇతని మకాము. టైపువాఁడు తల యెత్తక అట్లే కొట్టెను.