వాసన నాది, లెక్క మీది

నా జాతి ఏమిటో నాకే తెలీదు. ఒంటి మీది నీలిబూడిద చుక్కలు చూసి, పశువుల్ని తోలే కుక్కల రక్తం సగం ఉంటుందన్నారు. మిగతా సగం సంగతి మా అమ్మకే తెలియాలి. పుట్టుకతో నాకు దక్కిన ఆస్తి ఒకటే: బంతి పిచ్చి.

ఆ పిచ్చితోనే మొదటి ఇంట్లో సోఫా చీల్చాను, రెండో ఇంట్లో కంచె దూకాను, మూడో ఇంట్లో పిల్లల చేతుల్లోంచి బంతి లాక్కుని ఎంత బతిమాలినా ఇవ్వలేదు. వాళ్ళంతా మంచివాళ్ళే. పొద్దున, సాయంత్రం గొలుసు కట్టి వీధి చివరిదాకా తిప్పితే చాలనుకున్నారు. అది నా ఒళ్ళు విరుచుకోడానికైనా చాలదు. చివరికి షెల్టర్‌లో తేలాను. కుక్కకి పనీ ఉండదు, తీరికా ఉండదు అంటారు మీరు. పని లేని కుక్కకి అసలేమీ ఉండదని నాకు ఆ బోనులో తెలిసింది.

ఒకరోజు ఒక అమ్మాయి వచ్చింది. నన్ను ముద్దు చెయ్యలేదు, పేరైనా అడగలేదు. ఏపుగా పెరిగిన గడ్డిలోకి బంతి విసిరింది. పక్క బోనుల్లోని కుక్కలు కాసేపు వెతికి, ఇక చాలన్నట్టు ఆమె మొహం చూశాయి. నేను చూడలేదు. బంతి దొరికేదాకా గడ్డిలోంచి తల ఎత్తలేదు. ఆ మధ్యాహ్నమే నా కాగితాల మీద సంతకం పెట్టేసింది.

ఆమెది వేసవి ఉద్యోగం. ఊరు అమెరికాలోని సియాటిల్. ఆ పేరు వినగానే మీకు మీ పిల్లల సాఫ్ట్‌వేర్ కొలువులు గుర్తుకొస్తాయి. అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ వాసర్ అనే శాస్త్రవేత్త 1997లో మాలాంటి వాళ్ళకీ కొలువు పెట్టాడు. మత్తుమందులు పసిగట్టే పోలీసు కుక్కల శిక్షణనే అడవి జంతువుల మలం వెతకడానికి మళ్ళించాడు. ఎవరూ భరించలేని షెల్టర్ కుక్కలే ఆయనకు కావాలి. మలం దగ్గర కూర్చుంటే బంతి వస్తుంది. నాకు అర్థమైన పాఠం అంతే.

మీకు మాత్రం ఆ పెంటలో బోలెడు కబుర్లున్నాయి. ఏ జంతువు, ఆడా మగా, ఫలానాదేనా అన్నది డీఎన్‌ఏ చెబుతుంది. కడుపుతో ఉందా, బెదిరి ఉందా, తిండి చాలుతోందా అన్నది హార్మోన్లు చెబుతాయి. వల వెయ్యక్కర్లేదు, మత్తుసూది పొడవక్కర్లేదు. ఆ జంతువుకి మీరు వచ్చి వెళ్ళిన సంగతే తెలీదు.

నాకు సముద్రం పని పడింది. శాన్ వాన్ దీవుల చుట్టూ వేసవిలో తిరిగే ఓర్కా తిమింగలాలు ఎక్కువగా చినూక్ సాల్మన్ చేప మీదే బతుకుతాయి. అవి ఉన్నది 70 పైచిలుకే. వాటి మలం కాసేపు నీటి మీద తేలి, మునిగిపోతుంది. లైఫ్ జాకెట్ తొడిగి నన్ను పడవ ముక్కున నిలబెట్టేవారు. పడవ గాలికి అడ్డంగా పోతుంది. చేపకంపు ముక్కుకు తగలగానే నేను అంచు మీదికి వంగుతాను. వాసన తప్పితే వెనక్కి తిరుగుతాను. నా తోకనీ భుజాల్నీ చూస్తూ ఆమె చేయి ఊపుతుంది, నడిపేవాడు పడవ తిప్పుతాడు. మైలు దూరం నుంచైనా అలా చేరేవాళ్ళం. అక్కడ తేలుతున్నది చూస్తే మీరు నవ్వుతారు: గోధుమరంగు జిగట ముద్ద, చారెడైనా ఉండదు. వాళ్ళు దాన్ని ప్రసాదంలా ఎత్తుకునేవారు. నాకు బంతి ఇచ్చేవారు.

ఓర్కాలు ఎందుకు తగ్గుతున్నాయన్నది అప్పటి తగువు. పడవల రొదా, నీటిలోని విషాలా, ఆకలా? 2008 నుంచి 2014 దాకా పోగేసిన మలం నమూనాల ఫలితం 2017లో అచ్చయింది. గుర్తించిన గర్భాల్లో 69 శాతం దాకా నిలవలేదట. చినూక్ చేప తగ్గడమే పెద్ద కారణమని తేల్చారు. పైగా ఆకలిగొన్న ఒంట్లో కొవ్వు కరిగితే, అందులో దాగిన విషాలు రక్తంలోకి దిగుతాయి. మరుసటి ఏడు టాలెక్వా అనే తల్లి ఓర్కా, పుట్టిన కాసేపటికే చనిపోయిన బిడ్డను 17 రోజులు నీటి మీద మోసుకు తిరిగింది. లోకమంతా కన్నీరు పెట్టింది. ఆ కన్నీటికి ఒక ఏడాది ముందే లెక్క బల్ల మీద ఉంది.

నాకు ఓర్కాల మీద ప్రేమ ఉందని మురిసిపోకండి. వాటి ఊపిరి చప్పుడు వింటే ఇప్పటికీ చెవులు వెనక్కి పోతాయి. నేను చేసిందంతా బంతి కోసమే. నా ఒప్పందం నేను నెరవేర్చాను, కూలీ పుచ్చుకున్నాను. చినూక్ ఎదురీదే నదులకు అడ్డంగా ఆనకట్టలు కట్టింది నేను కాదు, ఒడ్డున చెట్లు కొట్టిందీ నేను కాదు. జబ్బు ఆకలి అని మీకు చూపించాను. తిండి పెట్టే పని ముక్కుతో అయ్యేది కాదు.