నా ముక్కుకు తిరుగులేదనుకున్నాను

చేపల విషయంలో నా ముక్కుకు తిరుగులేదని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మొప్పలెత్తి, వేలితో నొక్కి, ఒక్కసారి వాసన చూశానంటే ఇక అప్పీలు లేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి జడ్జిగారొకరు ఉండే ఉంటారు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

ఒక వేసవిలో మంచి కానాగంతలు దొరికాయి. ఐస్ వెయ్యనా అంది అమ్మే ఆవిడ. ఇంటికేగా, అక్కర్లేదన్నాను. దారిలో స్నేహితుడు కనబడ్డాడు, టీ అన్నాడు, కబుర్లలో పడ్డాం, సంచి స్కూటర్‌కి వేలాడుతూనే ఉంది, ఎండ మాడు పగలగొడుతోంది. ఇంటికొస్తే మా ఆవిడ "ఏమండీ, ఇవి వెచ్చబడ్డాయి, పారేద్దాం" అంది. నేను సంచిలో తలపెట్టి పీల్చి "నిక్షేపంగా ఉన్నాయి, పులుసు పెట్టు" అన్నాను. పెట్టింది. బావమరిదికి కొసరి కొసరి వడ్డించాను. కాసేపటికే అతని మొహం మందారంలా ఎర్రబడింది, ఒళ్లంతా దద్దుర్లు, గుండె దడ, "తల పగిలిపోతోంది బావా" అంటున్నాడు, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

చేప పడకపోవడం కాదు, చేపలో పుట్టిన హిస్టమిన్ అన్నారు డాక్టరుగారు. మందుతో సాయంత్రానికి తేరుకున్నాడు. సిగ్గుతో ఆ తర్వాత కూర్చుని చదివాను. కానాగంత, టూనా లాంటి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. చేప వెచ్చబడితే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఉడికించినా, వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా అది పోదు. దానికి వాసన లేదు! ముక్కుకు తెలిసేది ట్రైమిథైలమిన్, అమ్మోనియా లాంటివే. చేప కుళ్లిందా అన్నదానికి ముక్కు జవాబిస్తుంది. విషం చేరిందా అన్నది నేనెప్పుడూ అడగనే లేదు.

అంతటితో బుద్ధి వచ్చిందా? లేదు. గాలి తీసేసి సీలు చేసిన చేప ప్యాకెట్ కొని, గాలే లేనప్పుడు చెడేదేముందని బయటే వదిలేశాను. గాలి లేని చోటే పెరిగే క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా ఒకటుంది. అందులో చేపల్లో కనిపించే టైప్-ఇ (E) రకం సుమారు 3 డిగ్రీల చలిలోనే పెరగడం మొదలెడుతుంది, వాసన పెద్దగా రానివ్వదు. ఈసారి మా ఆవిడ నన్నడగకుండా పారేసింది. బతికించింది.

ఇప్పుడు ఎర్ర క్యాబేజీ, శంఖుపుష్పాల రంగుతో, చేప చెడితే రంగు మారే లేబుళ్లు చేస్తున్నారు. చదివి ఎగిరి గంతేశాను. తీరా చూస్తే అవీ గాలిలోకి లేచే ట్రైమిథైలమిన్ లాంటి అమీన్లనే పట్టుకుంటాయి. హిస్టమిన్ ఆవిరయ్యేది కాదు. నాకు నచ్చింది ఇంకో రకం లేబుల్: ప్యాకెట్ ఎంతసేపు, ఎంత వేడిలో ఉందో రంగుతో చూపించేది. ఆ రోజు నా సంచికి అలాంటిది ఒకటి ఉంటే మా ఆవిడ మాటే గెలిచేది.

హార్బర్‌లో ఇప్పుడు చేపకు సమానంగా ఐస్ అడిగి మరీ వేయించుకుంటున్నాను. మొప్పలు మాత్రం ఇంకా ఎత్తి చూస్తూనే ఉన్నాను. మీరు మానగలిగితే చెప్పండి.