కుడ్యసంజీవని

అవతారిక

మల్లినాథసూరి మా పాత మెదక్ జిల్లా వాడు. కొల్చారం ఆయన ఊరు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘునికి సర్వంకష రాసిన ఆ మహానుభావుడు పాఠకులకు ముందే ఒక మాట ఇచ్చాడు: ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. ఈ మాటలో మొదటి సగాన్ని ప్రస్తుత వ్యాఖ్యాత శిరసావహిస్తాడు. రెండో సగం సంగతి కాసేపట్లో పాఠకులకే తెలుస్తుంది.

ఈ వ్యాఖ్యకు ప్రేరణ భక్తి కాదు, చికాకు. మా పటాన్‌చెరు చుట్టూ అమీన్‌పూర్, బీరంగూడ, ముత్తంగి, ఇస్నాపూర్ అంతా ఫ్లాట్లు. పాశమైలారంలో షిఫ్టులు చేసి కూడబెట్టినవాళ్లు, బీహెచ్ఈఎల్‌లో రిటైరైనవాళ్లు బ్యాంకు అప్పుతో కొనుక్కున్నవి. ఆ ఇళ్లలో వంటగట్టుకీ పై అరలకీ మధ్య రెండడుగుల గోడ ఉంటుంది. టైల్స్ షాపులో దాన్ని కిచెన్ డాడో అంటారు. డాడో అన్నంతసేపు దానికి చదరపు అడుగు రేటు తప్ప వేరే గొడవ లేదు. ఇంటీరియర్ డిజైనరు వచ్చి బ్యాక్‌స్ప్లాష్ అన్నాక ఆ గోడకు ఆత్మ పుట్టింది, రేటు పెరిగింది, ఉపన్యాసం మొదలైంది. మాకు దయచేసిన ఉపన్యాసంలో ముఖ్యభాగం ఇది.

మూలము

"వైట్ క్యాబినెట్స్ సైలెంట్‌గా ఉంటాయి సార్. బ్యాక్‌స్ప్లాషే మాట్లాడాలి. మొరాకన్ ప్యాటర్న్ వేస్తే మీ కిచెన్‌కి ఒక స్టోరీ వస్తుంది. టైమ్‌లెస్ సార్."

టీక

ప్రతిపదార్థము వ్రాయము. వైట్ అనగా తెలుపు అని చెప్పి పాఠకులను అవమానింపజాలము. రసవిచారముతో ఆరంభింతము.

"సైలెంట్‌గా" అనుటచే తెలుపు శాంతరసమును సూచించునని డిజైనరు మతము. ఇది శాస్త్రవిరుద్ధము. భరతముని చెప్పిన రసములు ఎనిమిదే. శాంతము తర్వాత వచ్చి చేరినది. దానికి పీట వేయించుటకు కాశ్మీరమున అభినవగుప్తుడు ఎంతో వాదింపవలసి వచ్చెను. నాట్యశాస్త్రమున ఒక్కొక్క రసమునకు ఒక్కొక్క వర్ణము నిర్ణయింపబడినది. అందు తెలుపు హాస్యమునకు చెందును. కావున తెల్లని అరల వంటిల్లు హాస్యరసాశ్రయమని మొదటనే గ్రహింపవలెను. నీలము బీభత్సమునకు చెందును. డిజైనరు ఎంచిన టైలు తెలుపుపై నీలిపూలు గలది గనుక హాస్యబీభత్సముల సంకరము సిద్ధించినది.

పసుపు వర్ణము అద్భుతమునకు చెందును. పోపులో పసుపు వేసిన క్షణమున గోడపై పడు చుక్కలు అద్భుతరస బిందువులు. ఎరుపు రౌద్రమునకు. ఆ పసుపుచుక్కను సబ్బుతో తుడిచినచో ఎర్రబారును. ఇది కవిసమయము కాదు. పసుపులోని కర్కుమిన్ క్షారము తగిలినచో ఎర్రనగును, సిమెంటు గ్రౌటుదీ క్షారగుణమే. నలుపు భయానకమునకు: చిమ్నీ జాలీ ఊడదీసి చూచునది. పావురపు రంగు కరుణకు: టైలుకూ టైలుకూ నడుమ నింపిన గ్రౌటు. వీరరసము కొటేషనుపై సంతకము చేసిన నిమిషమున మాత్రమే కానవచ్చినది. శృంగారమునకు ఈ వంటింట అవకాశము లేదు.

ఇక మాట్లాడవలసిన విషయం ఒకటుంది. ఇది పటాన్‌చెరు. పగలు ముంబై హైవే మీద లారీలు లేపే దుమ్ము. రాత్రి కిటికీ తీస్తే ఏదో ఫ్యాక్టరీ వదిలిన వాసన. నక్కవాగు నీళ్లు రంగు మారిన గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఊరు. ఇక్కడ తెల్లరంగు అరలు అమ్మేవాడు, వాటిని రోజూ తుడిచేది ఎవరో ఒక్కసారైనా అడగాలా వద్దా? కొటేషన్‌లో హింజ్‌కి రేటుంది, హ్యాండిల్‌కి రేటుంది, స్క్రూలక్కూడా లెక్కుంది. తుడిచే చేతి ఊసు ఎక్కడా లేదు.

క్షమింతురు గాక. తర్వాతి పదము మొరాకన్.

పాఠాంతరము: "మొరాకన్" అనుచోట "మోర్బీయన్" అని లారీ రసీదుల పాఠము. అదియే సాధుపాఠము. మన దేశపు టైళ్లలో అధికభాగము గుజరాతులోని మోర్బీలో కాలుచున్నది. మొరాకోలోని ఫెజ్ నగరమున గాజుపూత వేసి కాల్చిన మట్టిపలకను ఉలితో చిన్నచిన్న ముక్కలుగా చెక్కి, ముక్క పక్కన ముక్క పేర్చి గోడకు కూర్తురు. మోర్బీలో ఇంక్‌జెట్ యంత్రము ఆ ముక్కల బొమ్మను, ముక్కల నడుమ గీతలతో సహా, ఒకే టైలుపై అచ్చువేయును. పనితనము లేదనము. మొరాకో లేదందుము, అంతే.

అయినా మొరాకో దాకా ఎందుకు? మా గేటు దాటి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి పడమరగా పోతే సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్. అక్కడ కుడికి తిరిగితే బీదర్. పాత ఊళ్లో మహమూద్ గవాన్ మదర్సా ఉంది, 1472 నాటిది. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వ్యాపారం మీద వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రి అయ్యాడు. ముందు గోడ మీదా, మిగిలిన ఒక్క మీనారు మీదా అప్పటి రంగు పలకలు ఇప్పటికీ అంటిపెట్టుకుని ఉన్నాయి. మీనారు చుట్టూ మెలికలు తిరిగే నమూనా ఒకటుంది, కింద నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది కానీ చూపు తిప్పబుద్ధి కాదు. ఆ మెలికనే మా డిజైనరు "షెవ్రాన్, లేటెస్ట్" అని ట్యాబ్‌లో చూపించాడు. గవాన్‌కి గిట్టనివాళ్లు దొంగ ఉత్తరం పుట్టిస్తే 1481లో సుల్తాను ఆయన తల తీయించాడు. ఔరంగజేబు కాలంలో, 1696లో, లోపల మందుగుండు పేలి భవనంలో పెద్ద భాగం కూలిపోయింది. ఇంత జరిగినా వదలని పలకలు వదల్లేదు. అక్కడిదాకా వెళ్లినవాళ్లు కోటలో రంగీన్ మహల్ చూడకుండా రాకూడదు. నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన పని, పక్కన పలకల పని, ఏది ముందు చూడాలో తెలియదు.

అంత దూరం వద్దనుకుంటే హైదరాబాదులోనే, చార్మినారుకు దగ్గర్లో, బాదషాహీ అషుర్ఖానా. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించినది. లోపలి గోడలకు 1611 నాటి ఎనామెల్ పలకలు. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఒక్కో గోడ ఒక్కో తోట. 1908 మూసీ వరదలో నీళ్లు నిలిచి కింది భాగం పలకలు పాడయ్యాయి. ఆ మేరకు పలకల నమూనానే రంగులతో గీసి సరిపెట్టారు. పైన నాలుగు శతాబ్దాల కిందటి మెరుపు, కింద పెయింటు. ఆ రెండూ కలిసే చోటు చూడండి. గోడ మాట్లాడటం అంటే అదీ. గోడకు ఏదో ఒకటి జరిగి ఉండాలి కదా మాట్లాడటానికి! మొన్న ట్రక్కు దిగి అట్టపెట్టెలో ఉన్న టైలు ఏం మాట్లాడుతుంది, ఏ స్టోరీ చెబుతుంది?

మెలకువలు కూడా చెప్పుకుందాం. గవాన్ పలకలు అన్నేళ్లు నిలిచాయి. ఇప్పుడు టైలు వెనక నాలుగు మూలల్లో నాలుగు సిమెంటు ముద్దలు పెట్టి గోడకు నొక్కేస్తున్నారు. ఆరిన తర్వాత వేలి కణుపుతో కొట్టి చూడండి, లోపల బోలుగా మోగుతుంది. గోడకు వేసే మామూలు సిరామిక్ టైలు నీళ్లు బాగా పీల్చే రకం. నానబెట్టకుండా అతికిస్తే సిమెంటులో తడి అంతా తాగేసి పట్టు వదిలేస్తుంది. బకెట్టు ఎక్కడుందని అడిగితే మిస్త్రీ మన వైపు జాలిగా చూస్తాడు.

ప్రకృతమునకు వత్తము. మనము వంటింటిలో ఉంటిమి.

పూర్వపక్షము

మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ట్యాబ్‌లో బొమ్మను పరికించి చూసి అడిగిన ప్రశ్న:

"గిదేంది బిడ్డా, గోడకు ముగ్గులేశిన్రు? పోపు వెడ్తె ఎగిరి గీ సందులల్ల వడ్తది. ఎవలు తుడుస్తరు?"

"చిమ్నీ ఉంటది కదా ఆంటీ. ఇది మెయింటెనెన్స్ ఫ్రీ."

"చిమ్నీని ఎవలు తుడుస్తరు?"

దీనికి సమాధానము మూలగ్రంథమున లభింపలేదు. కొన్ని పత్రములు లుప్తమై యుండవచ్చును.

ధ్వని

చెప్పిన మాట కంటె చెప్పని మాట ప్రధానమైనచోట ధ్వని యని ఆనందవర్ధనుడు. డిజైనరు చూపిన త్రీడీ చిత్రమే ఇందుకు ఉదాహరణము. చిత్రమున పొయ్యి కలదు, మంట లేదు. గాజుగిన్నెలో ఆకుపచ్చని యాపిళ్లు, పక్కన పేరు తెలియని మొక్క. కుక్కరు లేదు, పోపుల పెట్టె లేదు, అట్లకాడ లేదు, నూనె క్యాను కింద పరచిన పాత పేపరు లేదు. వంటగట్టు మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా ఖాళీ. వ్యంగ్యార్థము స్పష్టము: ఈ వంటింట వండరాదు.

ఇది అతివ్యాఖ్య కాదు. కొల్లూరు, తెల్లాపూర్ విల్లాల్లో ఇప్పుడు రెండేసి వంటిళ్లు కడుతున్నారు. ఒకటి వచ్చినవాళ్లకు చూపించేది. రెండోది వెనక, వాషింగ్ మెషిన్ పక్కన ఇరుకులో, చేపల పులుసు ఉడికేది. తెల్లటి వంటింటికి ఏసీ గాలి తగులుతుంది. వండే మనిషి వెనక చెమటోడుస్తుంటుంది. డబ్బున్నవాళ్లు ఆ రెండోది కట్టుకుంటారు సరే, మాబోటి రెండు బెడ్రూముల వాళ్లకు ఉన్నది ఒక్కటే గది. ఆ గదిలో ఏ రంగు ఉండాలో గంటసేపు చర్చ జరిగింది. రోజూ నాలుగు గంటలు అక్కడ నిలబడే మనిషిని చివరికి "మేడమ్, ఓకేనా?" అన్నారు. అది కూడా సంతకం అయ్యాక.

అలంకారము

అపహ్నుతి. ఉన్నదానిని కాదని వేరొకటిగా చెప్పుట దీని లక్షణము. ఒక పెట్టెలోని టైలు పాలరంగు, మరొక పెట్టెలోనిది మజ్జిగరంగు. అడిగితే "షేడ్ తేడా కాదు సార్, నేచురల్ వేరియేషన్" అనుట శుద్ధాపహ్నుతి. అదే నోట "ప్రతి పీసూ యూనిక్" అనుట అతిశయోక్తి. యంత్రము కొన్ని బొమ్మలనే మార్చి మార్చి అచ్చువేయును గనుక, చేతిపని అని చెప్పిన గీత అదే వంపుతో కొన్ని టైళ్ల తర్వాత మరల ప్రత్యక్షమగును. అది పునరుక్తి. దోషప్రకరణమున చేర్పవలెను.

టైమ్‌లెస్ అన్న మాట ఇంకా మిగిలి ఉంది. తొంభైలలో కట్టిన ఇళ్లకు వెళ్లి చూడండి. పొయ్యి వెనక టైలు మీద ద్రాక్షగుత్తి, కాఫీకప్పు, కప్పులోంచి లేచే పొగ. హైలైటర్ అని నాలుగు టైళ్లకొకటి వేసేవాళ్లు. అప్పుడు దాన్నీ ఎప్పటికీ పాతబడదనే అమ్మారు. ఇప్పుడు ఆ ద్రాక్షగుత్తిని ఉలితో కొట్టి, తట్టలకెత్తి, లిఫ్టులో వద్దంటే మెట్ల మీదుగా దించుతున్నారు. ఈ నీలిపూల వంతూ వస్తుంది.

సిద్ధాంతము

అమ్మ తీర్పే సిద్ధాంతము. పొయ్యి వెనక వంటగట్టుకు వేసిన నల్ల గ్రానైటునే నిలువునా పైదాకా ఎక్కించారు. సందు లేదు, పువ్వు లేదు, తడిగుడ్డతో ఒక్క తుడుపు. "కాన్సెప్ట్ దెబ్బతింటది సార్" అని డిజైనరు వాపోయాడు. నీలిపూల టైళ్లు కొన్ని అప్పటికే దిగిపోయాయి కాబట్టి ఫ్రిజ్ పక్క గోడకు వేశాం. అక్కడికి పోపు చేరదు. బాగానే ఉన్నాయి, ఆ మాట అనకపోతే అన్యాయం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారు కొనేముందు పెట్టెల మీద బ్యాచ్ నంబర్లు ఒక్కటేనా అని చూచుకొందురు. కోతలకూ పగుళ్లకూ పదింట ఒక వంతు ఎక్కువ తెచ్చుకొందురు. పొయ్యి దగ్గర ఎపాక్సీ గ్రౌటు అడుగుదురు. అది సిమెంటు గ్రౌటు కంటె ప్రియము, కాని పసుపును అంత సులువుగా తాగదు. మిస్త్రీ ఛఠ్ పండుగకు బీహారు రైలెక్కకముందే పని ముగించుకొందురు. తక్కిన టైళ్లను వాపసిచ్చుటకు షాపునకు పోవునప్పుడు కౌంటరు వెనుక అంటించిన వాక్యమును చదువుదురు: "విప్పిన పెట్టెలు వాపసు తీసుకోబడవు." ఇన్నాళ్ల ఈ వ్యవహారంలో టీక అక్కర్లేని వాక్యం అదొక్కటే తగిలింది.