గుట్టకూ పెట్టుబడి సాయం!

తెలంగాణలో రైతుబంధు 2018 మే 10న మొదలైంది. పంటకు ఎకరాకు 4,000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5,000. చూసింది పట్టాదారు పాసుపుస్తకాన్నే. అరక కట్టారా, విత్తనం వేశారా అన్న ఆరా లేదు. దాంతో గుట్టలు, బండలు, ప్లాట్ల హద్దురాళ్లు కూడా రైతులైపోయాయి. నేలను బీడు పెడితే డబ్బిచ్చే పథకం అమెరికాలోనూ 1985 నుంచి ఉంది. కాకపోతే అక్కడ గడ్డి పెంచాలి, పదేళ్లకు తక్కువ కాకుండా ఒప్పందం రాయాలి. మనవాళ్లది బేషరతు సంరక్షణ!

వనపర్తి జిల్లా గోపాల్‌పేటలో వేరుశనగ విత్తనానికి అప్పు తెచ్చేది కౌలుదారు. డబ్బు పడిందని ఫోను మోగేది పట్టాదారుకు, ఆయన హైదరాబాద్‌లో ఉన్నా సరే. రైతుబంధు స్థానంలో 2025 జనవరి 26న వచ్చిన రైతు భరోసా పంటకు ఎకరాకు 6,000 ఇస్తూ సాగుకు పనికిరాని భూములను జాబితాలోంచి కొట్టేసింది. ఎన్నికల హామీలో ఉన్న కౌలుదారును మాత్రం కొట్టేయలేదు. జాబితాలో ఉంటేగా!