సంక్రాంతికి రెడీ

కార్తీక సోమవారాలు అయిపోగానే విజయవాడలో ఒక బావగారికి పూనకం వస్తుంది. షెడ్డులోని కారు మంచులో తడవడానికి వీధిలోకి పోతుంది. దాని చోట పాత చాప పరిచి, రాజ్‌దూత్ 350ని నిలబెట్టి, నట్టుకి నట్టు, బోల్టుకి బోల్టు విప్పేస్తారు. "ఈసారి సంక్రాంతికి రెడీ" అంటారు. ఏ సంక్రాంతో మాత్రం చెప్పరు. ఆయన బామ్మర్ది, అంటే ఈ వ్యాసం రాస్తున్నవాడు, ఆ మాట వినడం ఇది ఏడోసారి.

ఇలాంటివాళ్లు ప్రతి పేటలోనూ ఒకరుంటారు. గోళ్ల కింద గ్రీజు, చొక్కా జేబులో ఫీలర్ గేజి, పెళ్లి బంతిలో పప్పు వడ్డించేలోపే పక్కవాడి చెవిలో కార్బొరేటరు. చలికాలమే ఎందుకని పొరపాటున అడిగారో, అరగంట పోయినట్టే. వానల్లో రంగు వేస్తే గాలిలో చెమ్మకి తెల్లపొర కడుతుందట. ఎండల్లో రేకు షెడ్డులో మనిషే కరిగిపోతాడట. రెండూ నిజమే. కాకపోతే అందరికీ చలికాలం సంక్రాంతితో పోతుంది, ఈయనది ఏడేళ్లుగా నడుస్తోంది.

బండి గురించి చెప్పకపోతే ఆయన ఊరుకోరు. యమహా ఆర్‌డీ 350కి మన దేశపు అవతారం ఇది. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ దించింది. 347 సీసీ, టూ స్ట్రోకు, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. అప్పటికి బుల్లెట్టుకీ యెజ్డీకీ ఉన్నవి నాలుగే గేర్లు. బయట 39 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ని మైలేజీ కోసం గొంతు నొక్కి ఇక్కడ 30.5కి తెచ్చారు. ఆ తర్వాత ఇంకాస్త నొక్కి, లో టార్క్ అని పేరు పెట్టి, 27కి దించారు. అయినా పెట్రోలు బంకువాడికి నష్టమేమీ రాలేదు. కుర్రకారు ఆర్‌డీ అంటే 'ర్యాపిడ్ డెత్' అని చెప్పుకున్నారు. బావగారిది 1985 మోడల్ హై టార్క్. లో టార్క్ బండివాడు ఎదురైతే వియ్యాలవారి తరఫు దూరపు చుట్టాన్ని చూసినట్టు మర్యాదగా నవ్వి తప్పుకుంటారు.

రెండో ఏడు ట్యాంకులో తుప్పు బయటపడింది. యాసిడ్డు పోస్తే రేకుని తినేస్తుంది, చింతపండైతే నెమ్మదిగా పనిచేస్తుంది అన్నారు. అక్కయ్య వేసవిలో గింజ తీసి, ఉప్పు చల్లి, జాడీకెత్తిన ఏడాది చింతపండులో సగం ఆ రాత్రే మాయమైంది. వేణ్నీళ్లలో పిసికి, పిప్పి తీసి, గుప్పెడు పాత నట్లతో సహా ట్యాంకులో పోశారు. నోటికి గుడ్డ కుక్కి, ఒళ్లో పడుకోబెట్టుకుని, జోకొడుతున్నట్టు ఊపారు. లోపల నట్లు గలగలమంటుంటే పిల్లలు నిద్ర లేచి వచ్చి చూశారు. మూడో రోజు వంచితే పప్పుచారు రంగులో నురగ కట్టిన రసం పడింది. టార్చి వేస్తే లోపలి రేకు వెండి గిన్నెలా మెరిసింది. వెంటనే ఆరబెట్టి టూటీ ఆయిలు పూయకపోతే మళ్లీ తుప్పే కాబట్టి, కూతురి హెయిర్ డ్రయ్యరు పనిలో దిగింది. "ఏమేవ్, ఓసారి చూడవే!" అని పిలిచారు. అక్కయ్య చూడలేదు. ఆ ఏడు వాళ్లింట్లో పులిహోరంటే నిమ్మకాయ పులిహోరే.

క్రాంక్ కేసు వేడిచేసి, బేరింగు చల్లబరిస్తే సుత్తి దెబ్బ లేకుండా కూర్చుంటుంది. ఇదీ నిజమే. కానీ దానికి ఫ్రీజరులో ఒక్క రాత్రి చాలు. పచ్చిబఠానీల పక్కన వారం రోజులు కాపురం పెట్టక్కర్లేదు. ఆటోనగర్‌లో సిలిండర్లకి బోరు కొట్టించి వచ్చి, ఆ కథ చెప్పి ఇంటిల్లిపాదికీ కొట్టిస్తారు.

బండిని మార్చారని ఎవరైనా అంటే మాత్రం కోపం. విదేశాల్లో అమ్మిన యమహాకి ముందు డిస్క్ బ్రేకు ఉంటే, మనకి డ్రమ్ము తగిలించారు. అందుకని డిస్క్ పెట్టారు. "మార్చడం కాదురా, మనకి రావాల్సింది రాబట్టాను" అంటారు. రెండు జతల పాయింట్లు పీకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టారు. మెరుగన్నది కనపడకూడదు, అదే అందం అని ఆయన సిద్ధాంతం. కనపడని ఆ అందాన్ని ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి చూపిస్తారు. గ్యాసు సిలిండరు తెచ్చిన కుర్రాడికి కూడా తప్పలేదు.

పాత డ్రమ్ముని అక్కయ్య పట్టుచీర ముక్కలో చుట్టి మంచం కింద దాచారు. 2021 నిబంధనల ప్రకారం వింటేజి నంబరు రావాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం చెడకూడదు. "2035 ఎంతలో వస్తుంది? అప్పుడు డ్రమ్ము ఎక్కించేస్తే సరి" అంటారు. అప్పటికి బండి చాప మీంచి లేస్తుందా అని ఎవరూ అడగలేదు.

ఈ బామ్మర్ది బాధలు వేరు. రాత్రి పదకొండింటికి టార్చి పట్టుకోవడం అతని ఉద్యోగం. "అక్కడ కాదురా, ఇక్కడ" అని తిట్లు తినడమే జీతం. పైగా అతని పదో నంబరు స్పానరు మూడేళ్ల కిందట ఆ షెడ్డులోకి వెళ్లి, తిరిగి రాలేదు.

పోయిన భోగినాడు బండి నిజంగానే స్టార్టయింది. ఇంకా తెల్లారలేదు, వీధిలో మంటలు వేస్తున్నారు. ఇరవయ్యో కిక్కుకో ఏమో, షెడ్డులోంచి రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు లేచి, సర్దుకుని, టింగ్ టింగ్ మని నిలబడింది. ముగ్గు వేస్తున్న అక్కయ్య చేతిలో పిండితో అలాగే నిలబడిపోయింది. పెళ్లయిన కొత్తలో ఈ బండి వెనక కూర్చునే ప్రకాశం బ్యారేజీ దాటి వెళ్లేది. అంతలో తెల్లటి పొగ వీధంతా కమ్మేసింది. "భోగిమంట షెడ్డులో వేశారేమిటమ్మా?" అంది ఎదురింటి మామ్మ.

ఏళ్ల తరబడి కదలక క్రాంకు సీలు గట్టిపడితే, క్లచ్చు వైపు నుంచి గేరాయిలు ఇంజన్లోకి లాగి మండిపోతుంది. పదకొండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. "సీలు పోయిందిరా!" అన్నారు బావగారు, ప్రమోషన్ ఆర్డరు అందినట్టు. అరిసెలు తినేలోపే ఇంజను మళ్లీ చాప మీదికి దిగింది.

నవ్వే హక్కు బామ్మర్దికీ పెద్దగా లేదు. వాళ్ల నాన్నగారి చేతక్ స్కూటరు అతని వరండాలో దుప్పటి కప్పుకుని నాలుగేళ్లుగా ఉంది. పనేమీ లేదు, ఉగాదికి అయిపోతుంది. పదో నంబరు స్పానరు ఒక్కటి దొరకాలి.