గంబూషియాకు సర్కారీ కొలువు

చెరువులో దొంగచాటుగా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచితే తప్పు. 2000 నుంచీ దేశంలో దానిపై నిషేధం ఉంది. మన నీళ్లలోని చేపల్ని బతకనివ్వదన్నది దానిమీద అభియోగం. దొరికిందా, అధికారులు గొయ్యి తీయించి కప్పెట్టిస్తారు. సబబే!

వానలు పడగానే ఇంకో చెరువు గట్టున ఇంకో సందడి. ఓ నాయకుడు వంగి, ప్లాస్టిక్ కవరు మూతి విప్పి, చూపు మాత్రం కెమెరా మీద నిలిపి, నీళ్లలోకి గంబూషియా చేపల్ని వదులుతారు. దోమల మీద యుద్ధమట. ఈ చేపదీ మన ఊరు కాదు. అమెరికా దక్షిణాది, మెక్సికో దీని పుట్టిల్లు. 1928లో ఇక్కడికి తెచ్చారు. ప్రపంచంలో అతి చెడ్డ వంద దురాక్రమణ జీవుల్లో ఇదొకటి. 2018లో మన జాతీయ జీవవైవిధ్య సంస్థ కూడా దీన్ని ఆ గాటనే కట్టింది. అయితేనేం? క్యాట్‌ఫిష్‌ది సొంత వ్యాపారం, దీనిది సర్కారీ కొలువు.

దోమ లార్వాల్ని తింటుంది, నిజమే. వాటితోపాటు ఇతర చేపల గుడ్లు, పిల్లలు, తోకకప్పలు కూడా దాని విస్తట్లోవే. జీతంబత్తెం అడక్కుండా తరతరాలుగా లార్వాలు తింటున్న దేశవాళీ చిన్నచేపలకే ఎసరు పెడుతుంది. పైగా గుడ్లు పెట్టే చేప కాదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లోనే దీన్ని సిఫారసు చేయడం మానుకుంది. న్యూజిలాండ్‌లో వదిలితే నేరం. ఇక్కడ వదిలితే పేపర్లో ఫొటో.

ఇంతకీ డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఎక్కడ? కూలర్లో, పాత టైర్లో, పూలకుండీ కింది పళ్లెంలో, పెరట్లో పడేసిన కొబ్బరి చిప్పలో. చెరువులో ఈదే గంబూషియా టైర్ల కొట్టుదాకా ఏ బస్సెక్కి రావాలో ప్రారంభోత్సవ ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు. కొబ్బరి చిప్ప బోర్లించే కార్యక్రమానికి ఫొటోగ్రాఫర్ రాడు మరి!

ఈ చేపల వాడకంపై సంజాయిషీ ఇమ్మని 2025 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రాన్ని అడిగింది. గంబూషియాను వదిలిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరూ ఉంది. ఇక ఆరోగ్యశాఖ చేప గనక మత్స్యశాఖకు పట్టదు, నీళ్లలోది గనక ఆరోగ్యశాఖకు తెలియదు, జీవవైవిధ్యం వాళ్లను అడిగేవారే లేరు. ఫైలు ఏ బల్లమీదికి పోవాలో తేలేలోగా గంబూషియా ఇంకో రెండు కాన్పులు కానిచ్చేస్తుంది.