ఊరికొక్కడు

కడపలో మే నెల ఎండల్లో నల్లబట్టలు వేసుకొని తిరిగేవాళ్ళు ఇద్దరే. ఒకరు కోర్టుకు పోయే వకీలు, రెండోవాడు మెటాలికా అనే అమెరికా రాక్ గుంపు అభిమాని. వకీలుకు వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు నుంచి మినహాయింపు ఉంది. రెండోవాడికి ఆ వెసులుబాటు లేదు. ఎవరిని అడగాలో తెలియక అతనూ అడగలేదు. 43 డిగ్రీల ఎండలో, ఏడురోడ్ల కూడలి దగ్గర, ఛాతీ మీద పుర్రె బొమ్మతో చెరకురసం బండి పక్కన నిలబడి ఉంటాడు. చూసేవాళ్ళకు పుర్రెకు కూడా చెమట పట్టినట్టే ఉంటుంది.

ఇట్లాంటివాడు ఊరికొక్కడే ఉంటాడు. కడపలో ఒకడు, ప్రొద్దుటూరులో ఒకడు, కర్నూల్లో ఒకడు, ఆదోనిలో ఒకడు. పగలు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంటాడు, లేకుంటే బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టించి లారీకెత్తిస్తుంటాడు. పెండ్లయింది, పిల్లలున్నారు, ఇంటి లోనుంది. మామూలు మనిషే. మామూలు మనిషి కాదని నలుగురికీ తెలియడానికే ఆ టీషర్టు.

ఈ జబ్బు సాధారణంగా ఇంజినీరింగ్ హాస్టల్లో తగులుతుంది. మనవాడికి రెండో సంవత్సరంలో తగిలింది. బెంగళూరులో చదివే చిన్నాయన కొడుకు సెలవులకు వస్తూ ఒక పెన్‌డ్రైవు తెచ్చినాడు. అందులో మహేశ్‌బాబు సినిమాల కింద, ఎవరూ తెరవని ఫోల్డరులో, మెటాలికా వాళ్ళ 1986 నాటి ఆల్బం 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఉంది. మొదటిసారి విన్నప్పుడు ఫ్యాను బేరింగు పోయిందేమోనని పైకి చూసినాడు. రెండోసారి తలుపేసుకున్నాడు. మూడోసారి కళ్ళు మూసుకున్నాడు. ఇక తెరవలేదనే వాళ్ళమ్మ బాధ.

ఆ టీషర్టు గురించి కాస్త చెప్పాలి. ముందు పుర్రె, వెనక వీపు నిండా ఊర్ల పేర్లు, పక్కన తేదీలు. ఆ గుంపు ఆ ఏడాది ఎక్కడెక్కడ వాయించిందో ఆ జాబితా. వీధిలో ఆర్టీసీ కంట్రోలరుగా రిటైరైన పెద్దాయన ఒకరోజు మనవాణ్ణి వెనక నుంచి పట్టుకొని నిలబెట్టి, కండ్లద్దాలు సర్దుకొని, పైనుంచి కింది దాకా చదివినాడు. "ఏంరా అబ్బీ, దీంట్లో గుత్తి లేదే. గుంతకల్లూ లేదే. నాన్‌స్టాపా?" అన్నాడు. మనవాడు పది నిమిషాలు వివరంగా చెప్పినాడు. అంతా విని, "అయితే బెంగళూరుకు యాడ మారాల?" అన్నాడాయన.

కార్తీకమాసం వస్తే మనవాడి కష్టాలు వేరు. నల్లచొక్కా, మాసిన గడ్డం, భుజాల మీద పడే జుట్టు, మణికట్టుకు పూసల దండ. టీ బంకాయన గ్లాసు రెండుసార్లు కడిగి, "సామీ, చక్కెర ఎంత?" అంటాడు. బస్సులో ముసలమ్మలు లేచి సీటిస్తారు. చికెన్ పకోడీ బండివాడు మాత్రం చేతులెత్తి మొక్కి, "తప్పు సామీ, మాల తీసినాంక రాండి" అంటాడు. నేను సామిని కాదు మొర్రో అంటే, "దీక్షలో కోపం తెచ్చుకోగూడదు సామీ" అంటాడు. ఆ నెలా, పై నెలా మనవాడు ఇష్టం ఉన్నా లేకున్నా శాకాహారి.

ఇక అసలు కథ. మనవాడు ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే వస్తాడు: 2011 అక్టోబర్ 30, ఆదివారం, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, రాక్ ఎన్ ఇండియా ఉత్సవం. మెటాలికా మన దేశంలో మొట్టమొదటిసారి వాయించిన రోజు. అదే మైదానంలో 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు ఇంటర్ పరీక్షల వల్ల పోలేకపోయినానని కూడా చెబుతాడు. అప్పటికి ఆ గుంపు పేరే అతను వినలేదు. అయినా ఆ బాధ నిజమైన బాధే, మనం కాదనకూడదు.

దీపావళి అయిన నాలుగో రోజు కచేరీ. దానికి రెండు రోజుల ముందు, 28న, గుర్‌గావ్‌లో జరగాల్సింది రద్దయింది. బారికేడ్లు విరిగి, జనం స్టేజీ మీదికెక్కి, సామాన్లు పగలగొట్టినారు. ఆ వార్త చదివి మనవాడు అన్నం ముట్టలేదు. గేట్ పరీక్షకు మాక్ టెస్టుందని నాయనకు చెప్పి, కోచింగ్ పుస్తకాల డబ్బుతో టికెట్టు కొని, శనివారం రాత్రి బస్సెక్కినాడు. రాయచోటి దాటేసరికి తిరుమల వెంకన్నకు, దేవుని కడప వెంకన్నకు విడివిడిగా మొక్కినాడు. మదనపల్లె వచ్చేసరికి కర్ణాటక దేవుళ్ళను కూడా కలుపుకున్నాడు, కచేరీ వాళ్ళ పరిధిలో కదా అని.

మెటాలికా ఎక్కేముందు స్కాట్లండ్ నుంచి వచ్చిన బిఫీ క్లైరో గుంపు వాయించింది. పాపం వాళ్ళు ఏం పాడినారో మనవాడికి ఒక్క ముక్క గుర్తు లేదు. ఎప్పుడు దిగుతారా అని చూసింది మాత్రం గుర్తుంది.

తర్వాత దీపాలారినాయి. తెర మీద పాత కౌబాయ్ సినిమా, శ్మశానంలో సమాధుల మధ్య ఒకడు పిచ్చిగా పరిగెత్తడం, వెనక ఎన్నియో మొరికోనే సంగీతం. 1983 నుంచీ మెటాలికా స్టేజీ ఎక్కేముందు ఈ సంగీతమే పెడుతుంది. ఇక్కడికి వచ్చేసరికి మనవాడి గొంతు జీరబోతుంది. వినేవాళ్ళు ఫోను చూసుకుంటారు.

మరి చూసిందెంత? ముందు నిలబడినవాడు ఆరడుగుల పైన. పాటలు పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్‌ను మనవాడు స్వయంగా దర్శించుకున్నది, ఆ ముందువాడి ఎడమ చెవికీ, వాడి పక్కనున్నవాడు ఎత్తిన చేతికీ మధ్య సందులోంచి. డ్రమ్ములు వాయించే లార్స్ ఉల్రిక్ కనబడింది తెర మీదే. తెర చూడ్డానికి బెంగళూరు దాకా ఎందుకని వాళ్ళ నాయన తర్వాత అడిగినాడు, కోచింగ్ పుస్తకాల సంగతి బయటపడినాక.

దానికి జవాబు మనవాడు ఇంతవరకు చెప్పలేదు. నాకు తెలిసింది చెబుతాను. అక్కడ వేలాది నల్లచొక్కాలున్నాయి. ఒక్కడు కూడా సామీ అనలేదు. పుర్రె ఎందుకని అడగలేదు. కుడిపక్క షిల్లాంగ్ నుంచి రైల్లో వచ్చినవాడు, ఎడమపక్క కోయంబత్తూరు పిల్లోడు. జేబులో మిగిలిన రెండు చెనక్కాయల ఉంటలు వాళ్ళకిచ్చినాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అని ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలనివాడు, ఆ రాత్రి రెండు గంటలు, అంత పొడుగు ఇంగ్లీషు పాటలు, కడప యాసలో, ఒక్క మాట తప్పకుండా పాడినాడు. ఎవరూ నవ్వలేదు. వినబడితే కదా నవ్వడానికి.

మరునాడు కార్తీక సోమవారం. తెల్లారి కడప బస్టాండులో దిగినవాడి జుట్టు అట్టలు కట్టింది, కండ్లు ఎర్రబడినాయి, మోకాళ్ళ దాకా మట్టి. శివాలయానికి పోతున్న ఆడవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చినారు. ఇల్లు చేరినాక వాళ్ళమ్మ "సంగటి తింటావా నాయనా?" అంటే అవునని తల ఊపలేడు, కాదని అడ్డంగా తిప్పలేడు. పాటపాటకూ తల విసిరి విసిరి మెడ పట్టేసింది. ఆముదం రాసి, వేడి ఇసుక మూటతో కాపడం పెట్టి, మాక్ టెస్టు ఇంత కష్టంగా ఉంటుందా అని ఆమె కంటనీరు పెట్టుకుంది.

కచేరీ అయి పదేండ్లు దాటింది. చెప్పడం మాత్రం సాగుతూనే ఉంది. 2012లో ఆ మైదానంలో బురద చీలమండ దాకా ఉండేది. పెండ్లినాటికి పిక్కల దాకా వచ్చింది. పెద్దపిల్ల బడికి పోయేనాటికి మోకాలు దాటింది. ఇంకో రెండేండ్లు పోతే మెటాలికా వాళ్ళు పడవలో వచ్చినారంటాడేమో.

ఒకసారి లారీ డ్రైవరొకడు దొరికినాడు, హొళగుంద దిక్కు మనిషి. వాడికి మనవాడు గుంపు మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఒకర్నొకరు గుద్దుకునే ఆట గురించి ఒళ్ళు గగుర్పొడిచేలా చెప్పినాడు. ఎవడి మోచెయ్యో పక్కటెముకల్లో దిగిందన్నాడు. డ్రైవరు నిదానంగా విని, తలగుడ్డ విప్పి, నడినెత్తి మీద కుట్లు చూపించినాడు.

"ఇది దేవరగట్టుది. దసరా రాత్రి. మీ ఆటలో కట్టెలుంటాయా?"

"ఉండవు."

"కిందపడితే?"

"పక్కనోళ్ళు లేపి నిలబెడతారు. అది రూలు."

"లేపుతారా!" అని డ్రైవరు జాలిగా చూసి, తలగుడ్డ చుట్టుకొని, టీ డబ్బులు తనే ఇచ్చి పోయినాడు. మాల మల్లేశ్వరుడి విగ్రహాల కోసం ఇనుప కట్లేసిన కర్రలతో అర్ధరాత్రి తలపడే ఊర్లవాళ్ళకు ప్యాలెస్ గ్రౌండ్స్ ఏం ఆనుతుంది!

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఫోన్లో ఆ కౌబాయ్ సంగీతం పెట్టుకొని కండ్లు మూసుకుంటే, మంచం మీద నుంచి తాత తర్వాతి వరస కూనిరాగం తీసినాడు. "క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమా కదరా. శ్మశానంలో పరిగెత్తేది. మేం టాకీసులో చూసినాం. ఇట్లాంటివి చూసే గదా మన కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' తీసింది." సినిమా 1966ది, కృష్ణ గుర్రమెక్కింది 1971లో. తనకొక్కడికే తెలుసనుకున్న సంగీతం తాతకు మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచే తెలుసు. మనవాడు రెండు రోజులు తాతతో మాట్లాడలేదు.

ఇంకొక సంగతి. కడప పెద్దదర్గా ఉరుసుకు ఖవ్వాలీలు పాడతారు. 2009లో రెండు ఆస్కార్లు అందుకున్న ఏ.ఆర్.రహమాన్ ఆ ఉరుసుకు పలుమార్లు వచ్చి మొక్కుకొని పోయినాడు. మనవాడి ఇంటి నుంచి దర్గాకు నడిచిపోవచ్చు. ఇంతవరకు పోలేదు. ఎందుకంటే, "జనం ఎక్కువుంటారు" అంటాడు.

ఇట్లా ఉండగా కర్నూలు నుంచి ఒక బ్యాంకు ఆఫీసరు కడపకు బదిలీ మీద వచ్చినాడు. ఒక ఆదివారం అప్సరా సర్కిల్‌లో ఎదురుపడినాడు. నల్ల టీషర్టు, అదే పుర్రె. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు అద్దంలో చూసుకున్నట్టు చూసుకొని, తర్వాత నడిరోడ్డు మీద కావలించుకున్నారు. ఆటోలు హారన్ కొట్టినాయి. ఇన్నేండ్లకు పుర్రె సంగతి చెప్పకుండానే అర్థమయ్యే మనిషి దొరికినాడు! రెండు కారం దోసెలు చెప్పినారు.

దోసెలు వచ్చేలోపల 1991లో వచ్చిన నల్ల అట్ట ఆల్బం దగ్గర మాట తేడా వచ్చింది. దాంతో ఆ గుంపు పాడైపోయిందని కడప వాదం. దాంతోనే బాగుపడిందని కర్నూలు వాదం. దాన్నైనా ఎట్లో సర్దుకునేవాళ్ళే. కానీ కర్నూలాయన కూడా ఆ అక్టోబర్ 30న మైదానంలో ఉన్నాడు. నోట్లో ముక్క పెట్టుకుంటూ, "బురదా? మా వైపు బురదే లేదే!" అన్నాడు.

మనవాడు సగం దోసె వదిలేసి లేచిపోయినాడు.

వాళ్ళ ఇండ్లలోని ఆడవాళ్ళు ఇప్పుడు మంచి స్నేహితులు. పచ్చళ్ళు ఇచ్చిపుచ్చుకుంటారు. మగవాళ్ళు మాట్లాడుకోరు. ఆదివారం ఒకడు నల్లచొక్కాతో వీధిలోకి వస్తే, రెండోవాడు ఇంట్లోకి పోయి తెల్లది వేసుకొని వస్తాడు. కోరుకున్న తోడు దొరికితే ఊరికొక్కడనే పదవి పోతుందని పాపం ఇద్దరికీ ముందు తెలియలేదు.

2024 నవంబరు 23, 24 తేదీల్లో బెంగళూరు నైస్ గ్రౌండ్స్‌లో బ్యాండ్‌ల్యాండ్ ఉత్సవం జరిగింది. అవెంజ్డ్ సెవెన్‌ఫోల్డ్ అనే గుంపు వస్తోందని ఇద్దరూ పోయినారు, ఎవరికి వారే, ఒకే బస్సులో. అదీ కార్తీకమే. బస్సులో నిజమైన సాములు ఒక జట్టు ఉన్నారు. వాళ్ళు "సామి శరణం" అంటే వీళ్ళిద్దరూ ముందు సీట్లోంచి ఒకరు, వెనక సీట్లోంచి ఒకరు, "సామి శరణం" అనక తప్పింది కాదు. దారిలో హోటలు దగ్గర సాములందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టినారు. పక్క బల్ల మీద ఆమ్లెట్ వాసన వస్తుంటే, ఇద్దరూ ఎదురెదురుగా, మాటామంతీ లేకుండా పెరుగన్నం తిన్నారు. మైదానంలో మాత్రం కుర్రాళ్ళు "అంకుల్, కొంచెం జరగండి" అన్నారట. ఇది ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పినారు, రెండోవాణ్ణే అన్నారని.

నా మాటగా ఒకటి. మీ ఊళ్ళో ఉన్నవాణ్ణి చులకన చేయకండి. వినాయక నిమజ్జనమప్పుడు కర్నూలు కేసీ కాలువ గట్టు మీద డీజే బాక్సులు చెవులు చిల్లులు పొడుస్తుంటే, ఏ బాక్సులో ఏం ఎక్కువైందో నిలబడి చెప్పేది ఇట్లాంటివాడే. మీ ఇంట్లో పెండ్లికి మైకు గీపెడితే వాణ్ణే పిలవండి, రెండు మీటలు తిప్పి సరిచేసి పోతాడు, పైసా అడగడు. భోజనం పెట్టి పంపండి. కార్తీకం కాకపోతే చికెన్ కూడా వడ్డించండి. బురద ఎంత లోతని మాత్రం అడగొద్దు. అడిగినారా, పెండ్లివారి బస్సు వెళ్ళిపోతుంది.